యజమాని లేని చిట్టా

పిల్లలూ! సాయంత్రం బడి వదలగానే వీధిలో క్రికెట్టు ఆడేవాళ్ళు మీలో ఎందరు? ఆడేవాళ్ళందరికీ ఈ తగవు తెలిసే ఉంటుంది. బంతి ఎదురింటి గోడ దాటి లోపల పడింది. "సిక్సరు!" అని కొట్టినవాడు గంతులు వేస్తాడు. "గోడ దాటితే అవుట్!" అని బంతి వేసినవాడు చేతులెత్తుతాడు. అంపైరు లేడు. ఎవరి మాట నెగ్గాలి?

ఆ సాయంత్రం రాజీ కుదరలేదనుకుందాం. మర్నాటి నుంచి సగంమంది "గోడ దాటితే సిక్సరు" నియమంతో వీధి ఈ చివర ఆడుతున్నారు. తక్కినవాళ్ళు "గోడ దాటితే అవుట్" నియమంతో ఆ చివర ఆడుతున్నారు. స్కోరు పుస్తకాన్ని మాత్రం రెండు జట్లూ చెరొకటి నకలు రాసుకున్నాయి. తగవు వచ్చిన రోజు దాకా రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఒకటే. ఆ మర్నాటి పుట నుంచి దేని దారి దానిది.

ఇది చిన్నపిల్లల తగవని నవ్వకండి. కోట్లాది రూపాయల విలువగల లెక్కల విషయంలో పెద్దవాళ్ళకు సరిగ్గా ఇలాంటి తగవే వచ్చింది. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ అనే గూఢలిపి నాణెం ఇదే విధంగా రెండుగా చీలింది. అది ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో తెలుసుకుందాం.

చిట్టా ఎవరి దగ్గర ఉంది?

మీ నాన్నగారు బ్యాంకులో 1,000 రూపాయలు దాచారు. ఆ డబ్బు ఆయనదేనని చెప్పేది ఏది? బ్యాంకువారి చిట్టాలోని పద్దు. దాన్ని రాసేది బ్యాంకు, దిద్దేది బ్యాంకు. తగవు వస్తే తీర్చేదీ బ్యాంకు, దానిపైన రిజర్వు బ్యాంకు, న్యాయస్థానం. అంటే చిట్టాకు ఒక యజమాని ఉన్నాడన్నమాట.

యజమాని లేకుండా చిట్టా నడపవచ్చునా? 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో తొమ్మిది పుటల వ్యాసం ఒకటి వెలువడింది. నడపవచ్చునని, ఎలా నడపాలో కూడా అందులో వివరించారు. ఆ పేరు వెనక ఉన్నది ఒక మనిషో, కొందరు కలిసి పెట్టుకున్న పేరో నేటికీ రుజువు కాలేదు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ చిట్టాలో మొదటి పుట రాశారు.

ఉపాయం ఇది. చిట్టాను ఒకరి దగ్గర ఉంచకుండా, కావాలన్న ప్రతివారి కంప్యూటరులోనూ ఒక్కో నకలు ఉంచాలి. "నా ఖాతా నుంచి ఫలానా ఖాతాకు ఇంత" అని ఒకరు పద్దు పంపితే, అందరి కంప్యూటర్లూ దాన్ని పరీక్షించి తమ నకళ్ళలో చేర్చుకోవాలి. సుమారు పది నిమిషాలకు ఒక పుట చొప్పున చిట్టా పెరుగుతుంది. ఒక్కో పుటను 'బ్లాకు' అంటారు. పుటలన్నీ ఒకదానికొకటి గొలుసులాగా ముడిపడి ఉంటాయి. కాబట్టి దీనికి 'బ్లాకుచైను' అని పేరు వచ్చింది.

సరే, చిట్టా అందరి చేతిలోనూ ఉంటే, ఎవరైనా పాత పుటలో అంకె దిద్దితేనో?

కాగితం మీద చేసి చూడండి

ప్రతి పుటకూ ఒక 'ముద్ర' వేద్దాం. నియమం ఇది: పుటలోని మొదటి అంకెను 2తోను, రెండో అంకెను 3తోను, మూడో అంకెను 5తోను హెచ్చవేయాలి. కిందటి పుట ముద్రను 7తో హెచ్చవేయాలి. అన్నీ కూడి, వచ్చిన మొత్తంలో చివరి రెండు అంకెలను మాత్రమే ఉంచుకోవాలి. అదే ఆ పుట ముద్ర.

మొదటి పుటలో పద్దులు 5, 3, 7. దానికి ముందు పుట లేదు. 10 + 9 + 35 = 54. ముద్ర 54.

రెండో పుటలో 4, 6, 2. 8 + 18 + 10 = 36. కిందటి ముద్ర 54ను 7తో హెచ్చవేస్తే 378. మొత్తం 414. ముద్ర 14.

మూడో పుటలో 1, 8, 5. 2 + 24 + 25 = 51. కిందటి ముద్ర 14ను 7తో హెచ్చవేస్తే 98. మొత్తం 149. ముద్ర 49.

ఇప్పుడు ఒక కొంటెవాడు మొదటి పుటలోని 5ను గుట్టుగా 9 చేశాడు. మళ్ళీ లెక్కకట్టండి. మొదటి ముద్ర 62 అవుతుంది. దానివల్ల రెండోది 70, మూడోది 41 అవుతాయి. దిద్దింది మొదటి పుటలో ఒక్క అంకెనే. అయినా మూడో పుట ముద్ర 49 కాస్తా 41 అయింది! మీ నకలులో 49 ఉంది, వాడి నకలులో 41 ఉంది. దొంగ దొరికాడు గదా!

మన ముద్రలో రెండే అంకెలు ఉన్నాయి. అసలు బిట్‌కాయిన్‌లో వాడే 'షా-256' ముద్ర 78 అంకెల దాకా ఉండగల సంఖ్య. రెండు వేర్వేరు పుటలకు ఒకే ముద్ర రావడం ఆచరణలో అసాధ్యమనే చెప్పాలి.

ఇంకొక చిక్కు ఉంది. కొత్త పుట రాసే హక్కు ఎవరిది? తలొకరూ ఒక పుట రాసేస్తే గందరగోళం కాదూ? అందుకని పుట రాయడాన్ని కష్టమైన పనిగా చేశారు. మన మూడో పుట మొత్తానికి 'వెతుకుడు సంఖ్య' ఒకటి చేరుద్దాం. దాన్ని 11తో హెచ్చవేసి 149కి కలపాలి. వచ్చే ముద్ర 10 కంటే తక్కువ ఉంటేనే పుట చెల్లుతుందని షరతు. 1 వేస్తే ముద్ర 60. 2 వేస్తే 71. 3కు 82, 4కు 93. 5 వేస్తే 149 + 55 = 204, ముద్ర 04. పుట చెల్లింది! వెతకడానికి ఐదు ప్రయత్నాలు పట్టాయి, సరిచూడడానికి ఒక్క లెక్క చాలింది. వెతకడం కష్టం, సరిచూడడం సులభం. కీలకమంతా ఇక్కడే ఉంది.

అసలు ముద్రలో ఇలా వరస కనిపించదు. కోటానుకోట్ల సార్లు గుడ్డిగా ప్రయత్నించవలసిందే. ఈ పని చేసేవారిని మైనర్లు, అంటే గని తవ్వేవారు అంటారు. ముందుగా వెతికి పట్టుకున్నవారికి కొత్త నాణేలు బహుమతి. మొదట్లో పుటకు 50 బిట్‌కాయిన్లు ఇచ్చేవారు. ప్రతి 2,10,000 పుటలకూ బహుమతి సగమవుతూ 2024 ఏప్రిల్ నాటికి 3.125కు దిగింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవు.

పొరపాటున పడిన పంగ

ఇద్దరు మైనర్లు ఒకే సమయంలో చెరొక పుటనూ కనిపెడితే? కొంతసేపు చిట్టాకు రెండు కొనలు ఏర్పడతాయి. చెట్టుకొమ్మకు పంగ పడినట్టన్నమాట. ఏ కొన మీద ఎక్కువ శ్రమ కూడుతుందో దాన్నే అందరూ పట్టుకుంటారు, రెండోది ఎండిపోతుంది. ఇది తరచుగా జరిగేదే, భయం లేదు.

2013 మార్చి 11-12 తేదీల్లో మాత్రం భయపడవలసిన పంగే పడింది. అప్పటికి కొందరు కొత్త ప్రోగ్రాము 0.8 వాడుతున్నారు, కొందరు పాతది 0.7 వాడుతున్నారు. ఒక పెద్ద పుట వచ్చింది. కొత్తది దాన్ని పుచ్చుకుంది. పాతది మాత్రం తనలోని ఒక లోపంవల్ల పుచ్చుకోలేక తిరస్కరించింది. చిట్టా రెండుగా సాగసాగింది. ఒకే నాణేన్ని రెండుచోట్ల ఖర్చు పెట్టగల ప్రమాదం వచ్చిపడింది.

ఎక్కువ మైనింగు బలం కొత్త ప్రోగ్రాము వైపే ఉంది. అయినా ప్రోగ్రాము రాసేవారు, పెద్ద మైనర్లు వెంటనే మాట్లాడుకుని పాత దారికే రావాలని తేల్చుకున్నారు. ఎందుకంటే కొత్త ప్రోగ్రాము వాడేవారు పాత పుటలనూ ఒప్పుకోగలరు. పాతది వాడేవారికి ఆ వీలు లేదు. కొత్త దారిలో తాము గెలిచిన బహుమతులను మైనర్లు వదులుకున్నారు. కొన్ని గంటల్లో చిట్టా మళ్ళీ ఒకటయింది.

చూశారా! యజమాని లేని చిట్టాను ఆ రాత్రి కాపాడింది యంత్రం ఒక్కటే కాదు. మనుషుల మధ్య ఉన్న నమ్మకం కూడా దాన్ని కాపాడింది.

పుట ఎంత పెద్దది ఉండాలి?

ఇక అసలు తగవుకు వద్దాం. బిట్‌కాయిన్ పుట ఒక మెగాబైటుకు మించకూడదని 2010లో సతోషియే హద్దు పెట్టాడు. ఎవరైనా చెత్త పద్దులతో చిట్టాను నింపేయకుండా అది కట్టడి. ఆనాడు వాడేవాళ్ళు కొద్దిమందే కాబట్టి హద్దు ఎవరికీ తగల్లేదు. 2011 నాటికి సతోషి పనులు ఇతరులకు అప్పగించి తెరమరుగయ్యాడు.

లెక్క వేయండి. మెగాబైటు అంటే 10 లక్షల బైట్లు. ఒక పద్దుకు సుమారు 250 బైట్లు అనుకుంటే, పుటకు 4,000 పద్దులు. పుట 600 సెకన్లకు ఒకటి. 4,000ను 600తో భాగిస్తే సెకనుకు సుమారు 7 పద్దులు. ప్రపంచమంతటికీ సెకనుకు ఏడే! వాడేవాళ్ళు పెరిగేసరికి పద్దులు వరసలో నిలబడవలసి వచ్చింది. ముందు ఎక్కాలంటే ఎక్కువ రుసుము ఇవ్వాలి. 2017 డిసెంబరులో సగటు రుసుము 50 డాలర్లు దాటిన రోజు కూడా ఉంది. టీ డబ్బులు చెల్లించడానికి టీకొట్టునే కొనేంత రుసుమన్నమాట!

"మరి పుటను పెద్దది చేస్తే సరిపోదూ?" అని మీరు అడుగుతారు. ఒక పక్షం వారన్నదీ అదే. ఎనిమిది మెగాబైట్లు చేస్తే సెకనుకు 53 పద్దులు పడతాయి, రుసుము తగ్గుతుంది, సామాన్యుడు కూడా వాడుకోగలడు. ఇది నాణెం గదా, వాడుకోవడానికి కాకపోతే దేనికి?

రెండో పక్షం వారు ఇంకొక లెక్క చూపారు. రోజుకు 144 పుటలు. పుట ఒక మెగాబైటు అయితే ఏడాదికి సుమారు 52,560 మెగాబైట్లు. అంటే ఇంచుమించు 52 గిగాబైట్లు. ఎనిమిది మెగాబైట్లయితే ఏడాదికి 420 గిగాబైట్లు. పదేళ్ళలో ఎంతవుతుందో ఊహించండి. ఇంట్లో మామూలు కంప్యూటరు ఉన్నవాడు ఆ చిట్టాను దాచలేడు, సరిచూడలేడు. చివరికి పెద్ద కంపెనీల దగ్గర తప్ప నకళ్ళు మిగలవు. యజమాని లేని చిట్టాకు మళ్ళీ యజమానులు పుట్టుకొస్తారు. అప్పుడు బ్యాంకుకూ దీనికీ తేడా ఏముంది?

రెండు వాదాలూ బాగానే ఉన్నాయి, కదూ? అందుకే తగవు ఏళ్ళ తరబడి తెగలేదు. 2015 ఆగస్టులో గావిన్ ఆండ్రెసెన్, మైక్ హెర్న్ అనే ప్రోగ్రామర్లు పుటను పెంచే 'బిట్‌కాయిన్ ఎక్స్‌టీ' అనే ప్రోగ్రామును బయటికి తెచ్చారు. చాలినంత మంది దాన్ని చేపట్టలేదు. 2017 మేలో యాభైకి పైగా సంస్థలు న్యూయార్కులో ఒక రాజీకి సంతకాలు పెట్టాయి. సంతకాల భాగాన్ని పుటలో విడిగా లెక్కించి చోటు మిగిల్చే 'సెగ్‌విట్' పద్ధతి ముందు, పుటను రెట్టింపు చేయడం తరవాత అని దాని సారాంశం. మొదటి సగం ఆగస్టు 24న అమలులోకి వచ్చింది. రెండో సగాన్ని చాలామంది వాడకందారులు ఒప్పుకోలేదు. నవంబరు 8న దాన్ని విరమించుకున్నారు. కంపెనీలన్నీ ఒకటైనా, ఇళ్ళలో చిట్టా నకళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఒప్పుకోనిదే పని జరగలేదని దీన్నిబట్టి తెలిసింది.

ఈలోగా పెద్ద పుట కోరినవారు ఓపిక పట్టలేకపోయారు. 2017 ఆగస్టు 1న, 4,78,558వ పుట తరవాత, వారు ఎనిమిది మెగాబైట్ల నియమంతో తమ దారిన సాగిపోయారు. ఆ దారికి 'బిట్‌కాయిన్ క్యాష్' అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ రెండు మాటలు నేర్చుకోవాలి. కొత్త నియమం పాతదానికంటే కఠినమైనదైతే పాత ప్రోగ్రాములు కూడా కొత్త పుటలను ఒప్పుకుంటాయి. అది 'సాఫ్ట్ ఫోర్కు', మెత్తని మార్పు. సెగ్‌విట్ అలాంటిది. పాత నియమం వద్దన్నదాన్ని కొత్త నియమం సరేనంటే పాత ప్రోగ్రాములు కొత్త పుటలను తిరస్కరిస్తాయి. అది 'హార్డ్ ఫోర్కు', గట్టి మార్పు. అందరూ ఒకేసారి మారితే గట్టి మార్పులోనూ చీలిక రాదు. కొందరు మారి కొందరు మారకపోతేనే చిట్టా రెండవుతుంది.

తమాషా ఏమిటంటే, చీలికకు ముందు ఒక బిట్‌కాయిన్ ఉన్నవారికి మర్నాడు ఒక బిట్‌కాయినూ ఉంది, ఒక బిట్‌కాయిన్ క్యాషూ ఉంది! రెండు చిట్టాల్లోనూ పాత పుటలు ఒకటే గదా. అయితే డబ్బు రెట్టింపయిందా? కాలేదు. పుస్తకానికి నకలు తీస్తే అంకెలు రెండవుతాయి. విలువ మాత్రం దాన్ని పుచ్చుకునే మనుషుల నమ్మకాన్నిబట్టి ఉంటుంది. బిట్‌కాయిన్ క్యాష్ ధర నేటికీ బిట్‌కాయిన్ ధరలో చిన్న భాగమే. విడిపోవడం అలవాటయితే ఆగదు కాబోలు, 2018 నవంబరు 15న బిట్‌కాయిన్ క్యాష్ కూడా మళ్ళీ రెండుగా చీలింది.

మాట్లాడనిచ్చేది ఎవరు?

చిట్టాకు యజమాని లేడు. కానీ చిట్టాను గురించి మాట్లాడుకునే చోటుకు? అక్కడ నిర్వాహకులు ఉంటారు. తిట్లూ మోసాలూ చొరబడకుండా చూడడం వారి పని. అది అవసరమే. 2015 ఆగస్టులో వారిలో కొందరు ఇంకొక అడుగు వేశారు. అందరి సమ్మతీ లేకుండా నియమాలు మార్చే ప్రోగ్రాములను ప్రచారం చేసే రాతలను తొలగిస్తామన్నారు.

"అందరూ ఒప్పుకోని నియమంతో ఆడేది వేరే ఆట. మా ఆట పేరు పెట్టుకుని దాన్ని ఇక్కడ అమ్ముకోనివ్వం" అని వారి వాదన. "అందరూ ఒప్పుకున్నారో లేదో తెలిసేది చర్చ జరిగితేనే గదా! చర్చనే ఆపితే సమ్మతి ఎక్కడినుంచి వస్తుంది?" అని ఎదుటివారి వాదన. తొలగింపులు నచ్చనివారు వెళ్ళి వేరే చర్చావేదికలు పెట్టుకున్నారు. చిట్టా చీలడానికి రెండేళ్ళ ముందే మాటలు చీలాయన్నమాట.

2013 నాటి రాత్రిని గుర్తు తెచ్చుకోండి. అప్పుడు అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు, చిట్టా కలిసింది. 2017 నాటికి అలా కలిసి మాట్లాడే చోటు చిక్కిపోయింది.

దొంగతనాన్ని చెరిపేయవచ్చునా?

ఇంకొక చీలిక కథ చెప్పుకుందాం. ఇందులో తగవు చోటు గురించి కాదు, న్యాయం గురించి.

ఈథీరియమ్ అనేది 2015లో మొదలైన ఇంకొక చిట్టా. అందులో డబ్బు పద్దులే కాక ఒప్పందాలను కూడా ప్రోగ్రాములుగా రాసి ఉంచవచ్చు. 2016లో వేలాదిమంది కలిసి 'ది డావో' అనే ఉమ్మడి నిధిని ఇలా ప్రోగ్రాముగా ఏర్పాటు చేశారు. ఆ ప్రోగ్రాములో ఒక లొసుగు ఉంది. ఉదాహరణకు ఒక రేషను డీలరున్నాడనుకోండి. ముందు పంచదార తూచి ఇచ్చి, తరవాత తీరిగ్గా కార్డులో రాసుకుంటాడు. గడుసువాడు ఒకడు, ఆయన రాసేలోపలే మళ్ళీ మళ్ళీ వరసలోకి వచ్చి పంచదార పట్టుకుపోతాడు. కార్డు ఖాళీగానే ఉంది గదా! 2016 జూన్ 17న సరిగ్గా ఇలాగే ఒకరెవరో సుమారు 36 లక్షల ఈథర్లను లాగేశారు.

అదృష్టవశాత్తు ఆ సొమ్ము కొన్ని వారాలదాకా వాడుకోవడానికి వీల్లేని చోట చిక్కుకుంది. అందుకని ఆలోచించుకునే వ్యవధి దొరికింది. "గట్టి మార్పు చేసి సొమ్మును సొంతదారులకు ఇచ్చేద్దాం. దొంగను కళ్ళారా చూస్తూ ఊరుకోవడం న్యాయమా?" అని కొందరన్నారు. "చిట్టాను ఎవరూ దిద్దలేరనే గదా అందరం నమ్మి వచ్చాం! ఈరోజు దొంగ కోసం దిద్దితే, రేపు ఏదో ప్రభుత్వం కోసమో, ధనవంతుడి కోసమో దిద్దమంటే కాదనగలమా?" అని మరికొందరన్నారు. ఓటు పెడితే వేసినవారిలో ఎక్కువమంది దిద్దడానికే మొగ్గారు. అయితే వేసినవారి దగ్గరున్నది మొత్తం ఈథరులో చాలా చిన్న భాగమే.

2016 జూలై 20న, 19,20,000వ పుట దగ్గర మార్పు జరిగింది. సొమ్ము సొంతదారులకు చేరింది. ఒప్పుకోనివారు దిద్దని చిట్టాతోనే సాగారు. దాని పేరు 'ఈథీరియమ్ క్లాసిక్'. అందులో ఆ సొమ్ము లాగినవారిదిగానే ఉంది. చీలినదాని బలమూ తగ్గింది. ముద్రలు వెతికేవాళ్ళు తక్కువైతే, సగానికి మించిన బలం ఒకరి చేతిలోకి రావడం తేలిక. అలా 2019 జనవరిలోను, 2020 ఆగస్టులోను కొందరు బలవంతులు ఈథీరియమ్ క్లాసిక్ చిట్టాలోని చివరి పుటలను చించి తిరగరాశారు.

లెక్క సరిపోయిందా లేదా అన్నది గణితం చెబుతుంది. న్యాయం ఏదన్నది మాత్రం అది చెప్పలేదు. ఆ బరువు మనుషులమీదే ఉంటుంది.

అందరికీ కనిపించే జేబు

ఇంతకీ చిట్టా అందరి దగ్గరా ఉందంటే, మన ఖర్చులన్నీ అందరికీ కనిపిస్తాయి గదా? ఔను, కనిపిస్తాయి! చిట్టాలో పేర్లు ఉండవు. పొడవాటి అక్షరాల, అంకెల గుర్తులు ఉంటాయి. ఇది అజ్ఞాతం కాదు, మారుపేరు మాత్రమే. ఒక్కసారి "ఈ గుర్తు ఫలానావారిది" అని తెలిసిందా, ఆ గుర్తుతో జరిగిన పాత ఖర్చులన్నీ బయటపడతాయి. చిట్టాలో రాసింది ఎన్నటికీ చెరగదు కూడా.

దీనివల్ల మేలూ ఉంది. 2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే మారకపు సంస్థ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగిలించారు. అమెరికా అధికారులు చిట్టాలో పద్దు వెంట పద్దు పట్టుకుపోయి, 2022 ఫిబ్రవరిలో 94,000కు పైగా నాణేలను స్వాధీనం చేసుకున్నారు.

కానీ దొంగే కాదు, మామూలు మనిషి జేబు కూడా అలాగే కనిపిస్తుంది. జీతం ఎంత, మందులకు ఎంత, ఎవరికి సాయం చేశారు, అన్నీ ఇరుగుపొరుగు చూడగలిగితే మీకు నచ్చుతుందా? అందుకని 2014లో మొనీరో అనే నాణెం వచ్చింది. అందులో 'వలయ సంతకం' వాడతారు. ఒక అర్జీ మీద పదిమంది గుండ్రంగా సంతకాలు చేస్తే మొదట ఎవరు చేశారో తెలియదు చూడండి, అలాంటిదన్నమాట. 2016 అక్టోబరులో జీక్యాష్ వచ్చింది. అది ఇంకా వింత గణితం వాడుతుంది. రహస్యం చెప్పకుండానే రహస్యం నాకు తెలుసునని రుజువు చేయడం! 1985లో షాఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలి, చార్లెస్ రాకాఫ్ అనే ముగ్గురు ఈ భావానికి శాస్త్రరూపం ఇచ్చారు.

దీన్ని మీరే ఆడి చూడవచ్చు. ఒకే కొలత గల సుద్దముక్కలు రెండు తీసుకోండి, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. మీ స్నేహితుడి కళ్ళకు గంతలు కట్టి చేతికి ఒక్కొక్కటి ఇవ్వండి. రెండూ వేరు రంగులని వాడికి రుజువు చేయాలి, కానీ ఏది ఏ రంగో చెప్పకూడదు. వాడు చేతులు వీపు వెనక పెట్టుకుని, ఇష్టమైతే ముక్కలను మార్చుకుని, ఇష్టం లేకపోతే మార్చకుండా, మళ్ళీ ముందుకు చాపాలి. "మార్చావు", "మార్చలేదు" అని మీరు చెప్పాలి. ముక్కలు రెండూ ఒకే రంగువైతే మీకు ఊహే గతి, సగం సార్లు తప్పుతారు. వరసగా 20 సార్లు ఊహ సరిపోయే అవకాశం 10,48,576లో ఒక్కటి. ఇరవైసార్లూ సరిగ్గా చెప్పారా, వాడు నమ్మక తప్పదు. కానీ ఏ చేతిలో ఏ రంగో వాడికి ఇంకా తెలియదు!

తెర ఉంటే మంచివాడికీ చాటే, దొంగకూ చాటే. పోరు ఇక్కడే. 2022 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం, ఈథీరియమ్ మీద పద్దులను కలగలిపి ఆనవాలు చెరిపే 'టోర్నడో క్యాష్' అనే ప్రోగ్రాము మీద ఆంక్షలు పెట్టింది. దొంగసొమ్ము అందులోంచి పారుతోందని కారణం చెప్పింది. ఎవరి ఆస్తీ కాని ప్రోగ్రాము మీద ఆంక్షలు పెట్టడం చట్టపరిధిని మించినదని 2024 నవంబరులో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. 2025 మార్చిలో ఆంక్షలు తీసేశారు. వాదన మాత్రం ముగియలేదు.

చివరగా ఒక మాట

మన దేశంలో ఈ నాణేలు రూపాయిలాగా చెల్లుబాటయ్యే ధనం కావు. 2022 ఏప్రిల్ 1 నుంచి వీటిమీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను ఉంది. ధరలు ఉయ్యాలలాగా ఊగుతాయి. ఇది మిమ్మల్ని కొనమని చెప్పే పాఠం కాదు.

మరి ఎందుకు తెలుసుకోవాలి? అంపైరు లేని ఆట ఎలా సాగుతుందో ఇక్కడ కనిపిస్తుంది కనుక. ముద్రల గణితం దొంగరాతను పట్టిస్తుంది. పుట ఎంత ఉండాలి, మాట్లాడనివ్వాలా, దొంగసొమ్ము తిరిగి ఇవ్వాలా, ఎవరి జేబు ఎవరు చూడాలి అన్నవి మాత్రం కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవలసినవే. రేపు మీ వీధిలో బంతి గోడ దాటినప్పుడు, జట్టు రెండు కాకముందే ఒక్క పది నిమిషాలు అందరూ మాట్లాడుకుని చూడండి. బిట్‌కాయిన్ పుటకు పట్టేదీ అంతసేపే!

మీరే చేయండి

1. మన చిట్టాలో రెండో పుటలోని 4ను 5గా దిద్దితే రెండో, మూడో ముద్రలు ఏమవుతాయి? (వెతుకుడు సంఖ్య లేకుండా లెక్కించండి.)

2. పుట హద్దు 4 మెగాబైట్లయితే సెకనుకు ఎన్ని పద్దులు? ఏడాదికి చిట్టా ఎంత పెరుగుతుంది?

3. సుద్దముక్కల ఆట 10 సార్లే ఆడితే, ఊహతో నెగ్గే అవకాశం ఎంత?

4. తరగతిని రెండు జట్లు చేయండి. "ది డావో సొమ్మును తిరిగి ఇవ్వడం న్యాయమే" అని ఒక జట్టు, "చిట్టా దిద్దకూడదు" అని ఒక జట్టు వాదించాలి. సగం సమయం కాగానే జట్లు పక్షాలు మార్చుకోవాలి.

జవాబులు: 1. రెండో ముద్ర 16, మూడో ముద్ర 63. 2. సుమారు 27 పద్దులు. సుమారు 210 గిగాబైట్లు. 3. 1,024లో ఒకటి. 4. దీనికి జవాబు మీ తరగతిలోనే దొరకాలి.